ఊరి నడిబొడ్డు – 9: కోట ముందు ఖాళీ జాగా

సూరత్ చౌక్ గురించి రాసేవాడు చౌక్‌లోనే మొదలుపెడితే సగం కథ చేజారిపోతుంది. ఊరికి పాతిక కిలోమీటర్ల అవతల, తాపీ నది సముద్రంలో కలిసే మూల, హజీరా దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడు హజీరా అంటే ఎరువులు, ఉక్కు, గ్యాసు. 1980ల నుంచి ఒకదాని పక్కన ఒకటి లేచిన కర్మాగారాలు. ఇక్కడ బయల్దేరిన గ్యాసు గొట్టం మధ్యప్రదేశ్‌లోని బిజయ్‌పూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా పోతుంది. పేపర్లో హెచ్.బి.జె. పైప్‌లైన్ అని చదువుతాం కదా, అందులో హెచ్ అంటే ఈ ఊరే. ఉద్యోగాలకని వచ్చిన తెలుగువాళ్ళు ఇక్కడి టౌన్‌షిప్పుల్లో బాగానే కనిపిస్తారు. మా అక్క కొడుకు వాళ్ళలో ఒకడు.

పోయిన చలికాలం వాణ్ణి బతిమాలి బండి మీద పక్కనే ఉన్న సువాలీ తీరానికి తీసుకెళ్ళమన్నాను. ఇసుక నల్లగా ఉంది. కాలు పెడితే ఇసుకా కాదు, బురదా కాదు, రెంటికీ మధ్యరకం. దూరంగా కర్మాగారాల పొగగొట్టాలు, నీళ్ళు ఎక్కడో వెనక్కి పోయి ఉన్నాయి. ఆటు సమయం.

"ఇందులో చూడ్డానికి ఏముంది మావయ్యా? డుమాస్ వెళ్దాం పదండి. కనీసం టమాటా భజియాలైనా దొరుకుతాయి" అన్నాడు వాడు.

వాడి కంటికి కనపడనిది ఆ నీళ్ళ కింద ఉంది. తీరానికి కాస్త ఎడంగా ఒక ఇసుకమేట. మేటకీ ఒడ్డుకీ మధ్య లోతైన నీటి మడుగు. తాపీ ముఖద్వారం ఒండ్రుతో పూడుకుపోతూ ఉండేది. పెద్ద ఓడ నదిలోకి ఎక్కలేదు. బయట సముద్రంలో నిలబడితే గాలివాన, పోర్చుగీసు వాళ్ళు, రెండూ ప్రమాదమే. ఈ మడుగులోకి దూరితే రెండు బాధలూ తప్పుతాయి. 1612 నవంబరు చివర్లో థామస్ బెస్ట్ అనే ఇంగ్లీషు కెప్టెన్ 'రెడ్ డ్రాగన్', 'ఓసియాండర్' అనే రెండు ఓడలతో నాలుగు పోర్చుగీసు యుద్ధనౌకలను ఇక్కడే ఎదిరించి నిలబడ్డాడు. చూడ్డానికి అదేమంత పెద్ద యుద్ధం కాదు. కానీ తీరం మీద నిలబడి చూసిన మొగలు అధికారులకి ఒక సంగతి అర్థమైంది: పోర్చుగీసు వాడు సముద్రానికి సొంతదారు కాదు. ఆ పైన ఫర్మానా వచ్చింది, 1613లో సూరత్‌లో ఇంగ్లీషు వాళ్ళ కొట్టు స్థిరపడింది.

మాది బందరు పక్క. కాబట్టి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అప్పటికి రెండేళ్ళ ముందే, 1611లో, ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నంలో దుకాణం తెరిచారు. బడి పుస్తకాల్లో మాత్రం సూరతే మొదటిది. సూరత్ మొగలు చక్రవర్తి రేవు, బందరు గోల్కొండ సుల్తాను రేవు. చరిత్ర రాసేవాళ్ళు ఢిల్లీ వైపే చూస్తూ రాశారు, అంతే. సూరత్‌నీ పాత కాగితాల్లో బందర్-ఎ-సూరత్ అనే రాసేవారు. రెండూ బందర్లే. మన దానికి ఆ మాటే పేరై కూర్చుంది.

సువాలీలో దిగిన సరుకు అక్కణ్ణుంచి రెండు దారుల్లో ఊరు చేరేది. చిన్న పడవల మీద తాపీ పైకి, లేదా ఎడ్ల బళ్ళ మీద ఇసుకలో, పొలాల్లో. ఓడలు వచ్చే కాలంలో ఈ నల్ల ఇసుక మీదే పందిళ్ళు లేచేవి. వర్తకులు గుడిసెలు వేసుకుని గుడ్డ తానులు, నీలిమందు పరిచేవారు. ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి వాళ్ళకి ఎవరి చోటు వాళ్ళది, ఎవరి జెండా వాళ్ళది. తిరునాళ్ళలాగా కొన్ని నెలలు. వానాకాలం రాగానే మళ్ళీ ఇసుకే. ఇంగ్లండు నుంచి బయల్దేరి చాలా దూరం కాలినడకన ఇండియాకి వచ్చిన టామ్ కోర్యాట్ అనే విచిత్రమైన మనిషి 1617లో సూరత్‌లో, స్వదేశస్థులు పోసిన మద్యం తాగి, రోగం ముదిరి చనిపోయాడు. సువాలీ దారిలో ఆయన సమాధి అని ఒకటి చూపిస్తారు. హజీరా వైపు మరో సమాధి: 1697లో తాపీలో పడవ తిరగబడి భార్యతో సహా మునిగిపోయిన వాక్స్ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిది. నదిలోకి వచ్చే ఓడలకి అది చాలాకాలం కొండగుర్తుగా పనికొచ్చింది.

బండి కానీ, పడవ కానీ, ఏ దారిన వచ్చినా చివరికి ఆగేది ఒకే చోట. తాపీ ఒడ్డున కోట, కోట పక్కన సుంకాల ఇల్లు, వాటి ముందు విశాలమైన ఖాళీ జాగా. ఇప్పుడు చౌక్ బజార్ అని పిలిచేది దాన్నే.

*

ఈ ధారావాహికలో ఇంతకుముందు చార్మినార్ గురించి రాసినప్పుడు ఒకటి చెప్పాను. 1591లో అక్కడ ముందు గీత గీశారు, తర్వాత ఊరు కట్టారు. నాలుగు దారులు, మధ్యలో మీనార్లు, కాస్త ఎడంగా నాలుగు కమానులు. మనసులో బొమ్మ ఉన్నవాడు కట్టిన నడిబొడ్డు అది. సూరత్ చౌక్ అలాంటిది కాదు. దీన్ని ఎవరూ గీయలేదు. నలువైపులా సమానంగా భవనాలు లేవు, మధ్యలో కంటికి ఆనే కట్టడం లేదు. మొదటిసారి వచ్చినవాడు "చౌక్ ఎక్కడ?" అని చౌక్‌లోనే నిలబడి అడుగుతాడు. నేనూ అడిగాను.

నా లెక్క ప్రకారం ఈ జాగా పుట్టుకకి కారణం అందం కాదు, వ్యాపారం కూడా కాదు. ఫిరంగి. కోట గోడ మీద ఉన్నవాడికి ఎదురుగా వచ్చేవాడు కనపడాలి. మధ్యలో ఇల్లూ వాకిలీ చెట్టూ చేమా ఉండకూడదు. అలా గుండు కోసం వదిలిన ఖాళీలోకి తర్వాత మూటలు వచ్చి చేరాయి, మూటల వెనక మనుషులు, మనుషుల వెనక దుకాణాలు.

కాబట్టి ముందు కోట సంగతి చూడాలి.

పదహారో శతాబ్దం మొదటి సగంలో పోర్చుగీసు వాళ్ళు ఈ ఊరిని ఒకసారి కాదు, 1512లో, 1530లో, ఆ మరుసటేడు మళ్ళీ తగలబెట్టారు. గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ విసిగిపోయి కోట కట్టమని ఖుదావంద్ ఖాన్ బిరుదు ఉన్న సఫీ ఆగా అనే తుర్కీ సైనికుడికి పురమాయించాడు. 1540ల్లో పని జరిగింది, 1546 నాటికి పూర్తయింది. చిన్న కోట. గోల్కొండ చూసిన కళ్ళకి ఇది ఓ పెద్ద జమీందారు గడీలా ఆనుతుంది. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, ఒక్కొక్కటి సుమారు 12 మీటర్ల ఎత్తు. గోడ మందం నాలుగు మీటర్లకి పైనే. ఒకవైపు నది, మిగతా మూడు వైపులా 60 అడుగుల వెడల్పు కందకం. గుమ్మం తూర్పుకి, అంటే ఊరి వైపుకి, అంటే మన ఖాళీ జాగా వైపుకి.

ఇందులో నాకు నచ్చిన సంగతి గోడ లోపల ఉంది. రాయికీ రాయికీ మధ్య ఇనుప బందులు వేసి, సందుల్లో కరిగించిన సీసం పోశారు. సున్నం సముద్రపు గాలికీ నది చెమ్మకీ నాని వదులవుతుంది. ఇనుము ఒక్కటే అయితే తుప్పు పట్టి ఉబ్బి రాయినే పగలగొడుతుంది. చుట్టూ సీసం ఉంటే ఇనుముకి తడి తగలదు, గుండు దెబ్బకి సీసం కాస్త నలుగుతుందే కానీ విరగదు. పడవలకీ ఫిరంగులకీ అలవాటు పడ్డ చేతులు చేసిన పని ఇది, గుడులూ మసీదులూ కట్టిన చేతులది కాదు.

అక్బరు కాలపు చరిత్రకారుడు నిజాముద్దీన్ అహ్మద్ ఒక ముచ్చట రాశాడు. బురుజుల మీద పోర్చుగీసు పద్ధతిలో చౌకండీలు, అంటే కప్పున్న చిన్న మండపాలు, కడుతుంటే పోర్చుగీసు వాళ్ళకి గుండెల్లో రాయి పడింది. అవి కట్టకుండా ఉంటే ఇంత సొమ్ము ఇస్తామని కబురంపారు. ఖాన్ పట్టించుకోలేదు, చౌకండీలు కట్టించాడు. మన విద్యతో మనల్నే కొడతాడేమో అన్న భయం ఖరీదు ఎంతో పాపం వాళ్ళకే తెలియాలి. సూరత్‌లో ఖుదావంద్ ఖాన్ బిరుదుతోనే ప్రసిద్ధి చెందిన ఖ్వాజా సఫర్ 1546లోనే డయ్యూ ముట్టడిలో చనిపోయాడు. ఆయన సమాధి ఈ ఊళ్ళోనే ఉంది.

కోట బలం తేలడానికి పాతికేళ్ళకి పైగా పట్టింది. 1573 జనవరిలో అక్బరు స్వయంగా వచ్చి దీని ముందు విడిది చేశాడు. ముందుగా కోటని చూసి లెక్క చెప్పమని టోడరమల్లుని పంపాడు. భూమి శిస్తు లెక్కలకి పేరుపడ్డ ఆ టోడరమల్లే. ముట్టడి నెలా పదిహేడు రోజులు సాగింది. ఫిబ్రవరి 26న కోట లొంగింది. లోపల దొరికిన పెద్ద ఫిరంగులు తుర్కీ సుల్తాను సులేమాన్ నౌకాదళం 1538లో గుజరాత్ తీరానికి తెచ్చి వదిలేసి వెళ్ళినవి. వాటిని ఆగ్రాకి తీసుకుపొమ్మన్నాడు అక్బరు. కోటని కాచిన నాయకుడి పేరు హమ్‌జబాన్. ఒకప్పుడు హుమాయూను కొలువులో ఉండి ఇటు మళ్ళినవాడు. ముట్టడి సాగుతుండగా నోరు పారేసుకున్నాడని అతని నాలుక కోయించాడు. జబాన్ అంటే నాలుక. పేరులో ఉన్నది పోయింది.

*

ఆ తర్వాత చాలాకాలం ఈ కోట యుద్ధం ఎరగదు. ముందున్న జాగా మాత్రం క్షణం తీరిక లేకుండా బతికింది. పదిహేడో శతాబ్దపు ప్రయాణికులు దీన్ని కోట మైదానం అన్నారు. వానలు లేని నెలల్లో అన్ని దేశాల వర్తకుల సరుకూ ఇక్కడ ఆరుబయటే, రాత్రనకా పగలనకా, కుప్పలుగా పడి ఉండేది. పైకప్పు లేదు, గోడ లేదు. కాపలా అంటారా, నెత్తిన కోట ఉండనే ఉంది. ఒకసారి ఊహించండి: ఆగ్రా దగ్గరి బయానా నీలిమందు, అహ్మదాబాదు పట్టు, బురాన్‌పూర్ నూలు గుడ్డ, మలబారు మిరియాలు, అటునుంచి వెండి కడ్డీలు, అరబ్బు గుర్రాలు, దంతం. లెక్క పలికేవాడి కేక, దలాలీ చేసేవాడి గుసగుస. చేతి మీద గుడ్డ కప్పుకుని వేళ్ళు నొక్కి ధర చెప్పుకునే బేరం. మన పశువుల సంతల్లో కూడా ఆ బేరం ఉండేది, పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

సుంకాల ఇంటిని ఫుర్జా అనేవారు. ఆ పేరుతో వీధి ఇప్పటికీ ఉంది. అక్కడి సోదా అంటే దేశదేశాల వాళ్ళకీ హడలు. వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు: ఒక్కొక్క వర్తకుడు సరుకు మీద నూటికి నాలుగో అయిదో కట్టాలి, కంపెనీల వాళ్ళకి మాత్రం కొంత తక్కువ. 1615లో ఇంగ్లండు రాజు రాయబారిగా సువాలీలో దిగిన సర్ థామస్ రోకి మొదటి తగవు జహంగీరుతో కాదు, ఈ ఫుర్జా వాళ్ళతోనే. "నేను రాయబారిని, నన్నూ నా వాళ్ళనీ సోదా చేస్తారా?" అని ఆయన. "రేవులో దిగిన ప్రతివాడూ మాకు ఒకటే" అని వీళ్ళు. రోజుల తరబడి పేచీ. విమానాశ్రయంలో బెల్టు విప్పమన్నప్పుడు మన పెద్దమనుషులు చూసే చూపు నాకు గుర్తొచ్చింది.

తావెర్నియే చూపు మరో రకం. ఆయన కళ్ళకి ఈ కోట నాసిరకం. గోడల మీద ఫిరంగి నిలిపేంత చదును లేదు కాబట్టి పరంజాల మీద పెట్టారన్నాడు. ఊరి గోడ వట్టి మట్టి. ఇళ్ళు చాలావరకు రెల్లు దడులు, వాటి మీద పేడ కలిపిన మట్టి మెత్తిన కొట్టాలు. గట్టిగా కట్టినవి తొమ్మిదో పదో. అప్పటికి ప్రపంచంలో పెద్ద రేవుల్లో ఒకటి ఇది! డబ్బంతా కోట ముందున్న ఖాళీలో తిరిగేది. ఇంటి గోడ మీద కనపడనిచ్చేవారు కారు. కనపడితే ఏమవుతుందో తర్వాత తెలిసింది.

తావెర్నియే ఇక్కణ్ణుంచి గోల్కొండకి చాలాసార్లు ప్రయాణం కట్టాడు. ఔరంగాబాదు, నాందేడు మీదుగా మన ఇందూరు పక్క నుంచే దారి. తెవెనో అనే మరో ఫ్రెంచి యాత్రికుడు ఇందల్వాయిలో కత్తులు, బల్లేలు తయారుచేస్తున్నారని రాసింది ఈ దారిలోనే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిన రాయి ఎద్దుల మూపు మీద ఈ దారి పట్టేది. ఇవాళ లోకంలో సానపెట్టే వజ్రాల్లో చాలావరకు సూరత్ చేతుల మీదుగా పోతాయి. గని మనది, దారి మనది, సాన వాళ్ళది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

ఈ జాగాకి బందరుతో ఉన్న లంకె మరొకటి చెప్పాలి. విలియం మెత్‌వోల్డ్ 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నం కొట్టుకి పెద్ద. గోల్కొండ రాజ్యం ఎలా ఉంటుందో ఇంగ్లీషులో మొదట వివరంగా రాసినవాళ్ళలో ఒకడు. 1633లో సూరత్ ప్రెసిడెంటుగా వచ్చాడు. తెలివైనవాడు, పోర్చుగీసు వాళ్ళతో సంధి కూడా కుదిర్చాడు. ఇంతలో ఇంగ్లీషు దొంగ ఓడ ఒకటి ఎర్రసముద్రంలో సూరత్ వర్తకుల ఓడలను దోచింది. కంపెనీకి దానితో సంబంధం లేదు. ఐతేనేం, సూరత్ అధికారులు "నీ జాతివాడు చేశాడు, నువ్వు కట్టు" అని 1636లో మెత్‌వోల్డ్‌ని పట్టుకుని వారాల తరబడి కూర్చోబెట్టారు. లక్ష రూపాయలకి పైగా కక్కితే గానీ వదల్లేదు. తర్వాత 1695లో హజ్ నుంచి వస్తున్న మొగలు ఓడ గంజ్-ఎ-సవాయిని ఎవరీ అనే దొంగ దోచినప్పుడు ఇంగ్లీషు వాళ్ళందరికీ సంకెళ్ళు పడ్డాయి. కంపెనీ అంటే మనం మొదటినుంచీ కొరడా పట్టుకున్న దొరనే ఊహించుకుంటాం. సూరత్‌లో దొర మొదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హజ్ మాట వచ్చింది. సూరత్‌కి మక్కా ద్వారమని పేరు. ఉత్తరాది యాత్రికులంతా ఓడ ఎక్కేది ఇక్కడే. ఓడ కోసం వారాలు, నెలలు ఎదురుచూడాలి కదా. షాజహాను కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ అనే అధికారి చౌక్‌కి కూతవేటు దూరంలో వాళ్ళ కోసం ఒక సరాయి కట్టించాడు. నడిమధ్య పెద్ద ముంగిలి, చుట్టూ వరసగా గదులు, ఒకటే పెద్ద గుమ్మం. రాత్రి తలుపు వేస్తే లోపలివాళ్ళు నిశ్చింతగా పడుకోవచ్చు. మొగలీసరాయి అంటారు. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

*

1664 జనవరి. శివాజీ గుర్రాల మీద వచ్చిపడ్డాడు. ఊరి అధికారి ఇనాయత్ ఖాన్ ఏం చేశాడో తెలుసా? ఊరిని వదిలేసి కోటలో దూరి తలుపేసుకున్నాడు. మాట్లాడే నెపంతో ఒక మనిషిని పంపి శివాజీని పొడిపించాలని చూశాడు, అదీ పారలేదు. ఇక మిగిలింది ఫిరంగులు. కోట మీద నుంచి పేల్చాడు. ఏం లాభం? గుళ్ళు ఊరి మీదే పడ్డాయి. మరాఠాల కన్నా ఈ గుళ్ళ వల్లే ఇళ్ళకి ఎక్కువ నష్టమని ఆనాటి ఇంగ్లీషు వాళ్ళు వాపోయారు. గుండుకి దారి ఇవ్వడానికి వదిలిన ఖాళీ వందేళ్ళ తర్వాత అసలైన పనికి వచ్చిన రోజున కోట తన ఊరినే కొట్టింది. నాలుగు రోజుల్లో ఆ కాలపు మహా కోటీశ్వరుడు వీర్‌జీ వోరా ఇల్లు తవ్విపోశారు. దోపిడీ కోటి రూపాయలన్నారు. 1670 అక్టోబరులో మళ్ళీ వచ్చారు. మట్టి గోడ స్థానంలో ఇటుక గోడ లేచింది ఈ దెబ్బల తర్వాతే. 1715 ప్రాంతంలో హైదర్ కులీ ఖాన్ దాని బయట ఇంకో గోడ కట్టించాడు. లోపలిది షహర్‌పనా, బయటిది ఆలంపనా.

1759 మార్చి 4న ఇంగ్లీషు వాళ్ళు కోట పుచ్చుకున్నారు. పుచ్చుకున్నారంటే తమదే అని చెప్పలేదు. మొగలు చక్రవర్తి తరఫున కిలేదారులం అన్నారు. అందుకే కోట మీద రెండు జెండాలు ఎగిరేవి, ఒకటి వాళ్ళది, ఒకటి ఢిల్లీది. ఊళ్ళో నవాబు, కోటలో కంపెనీ. ఈ నాటకం 1800 దాకా నడిచింది, అప్పుడు పాలన మొత్తం లాగేసుకున్నారు. వట్టి బిరుదుతో మిగిలిన చివరి నవాబు 1842లో పోయాడు.

అప్పటికి అసలు వ్యాపారం బొంబాయికి వెళ్ళిపోయింది. కంపెనీ పెద్దలు 1687లోనే వెళ్ళారు, ఓడలు కట్టే లవ్‌జీ వాడియా 1736లో వెళ్ళాడు. తాపీలో మేటలు పెరిగాయి. ఇక 1837 ఏప్రిల్‌లో అంటుకున్న మంట 9,373 ఇళ్ళు మింగింది. అదే ఏడు వరద. 1847కి ఊళ్ళో జనం 80,000. సరుకుతో నిండే జాగాలో గడ్డి మొలిచే రోజులు వచ్చాయి.

ఖాళీ జాగా ఊరుకోదు. సరుకు పోతే తోట వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళకి కోట ముందు ఒక పార్కు, నది ఒడ్డున ఒక చర్చి ఉంటే తమ ఊరిలా అనిపిస్తుంది కాబోలు. కోటకీ సుంకాల ఇంటికీ మధ్య 1820లో చిన్న చర్చి కట్టారు. వందమంది కూర్చుంటే నిండిపోతుంది. 1825లో కలకత్తా బిషప్పు హీబర్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. కోట ఎదురుగా ఎనిమిది ఎకరాల్లో విక్టోరియా గార్డెన్, ఇప్పుడు గాంధీ బాగ్. ఆ తోట వెనకా, నది మీది వంతెన వెనకా ఉన్న మనిషి ఒకడే, థియోడర్ హోప్. 1877లో తెరిచిన వంతెనకి ఆయన పేరే పెట్టారు, హోప్ పుల్. నా మటుకు నాకు ఈ చౌక్ చరిత్రలో కోట తర్వాత అంత పెద్ద మలుపు ఈ వంతెనే. అప్పటిదాకా అది దారి ఆగిపోయే చోటు: నది వచ్చింది, దిగు, సుంకం కట్టు. వంతెనతో అది దారి సాగిపోయే చోటైంది. అవతలి ఒడ్డున రాందేర్, అడాజన్, ఇవతల ఊరు, మధ్యలో చౌక్. ఇవాళ అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ప్రతి ఆటోవాడూ హోప్ దొర బాకీ తీరుస్తున్నట్టే.

కోటకి ఇక శత్రువు లేడు. 1862లో సైన్యాన్ని తీసేసి గదులను రెవెన్యూ వాళ్ళకీ పోలీసులకీ ఇచ్చారు. సీసం పోసిన గోడల నడుమ ఫైళ్ళు పేరుకున్నాయి. మొగలీసరాయి కొన్నాళ్ళు జైలుగా ఉండి, 1867లో మునిసిపాలిటీ ఆఫీసైంది. ఇప్పటికీ నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయం అదే. 1994 ప్లేగు భయంతో లక్షల మంది ఊరు వదిలి రైళ్ళెక్కిన తర్వాత, 1995లో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరిని ఊడ్చి కడిగి దేశం నోరెళ్ళబెట్టేలా చేసింది ఈ సరాయి నుంచే. ఓడ కోసం ఎదురుచూసే ముంగిట్లో ఇప్పుడు సంతకం కోసం ఎదురుచూస్తారు.

నేను వెళ్ళిన రోజు ఆ గుమ్మం దగ్గర ఓ ముసలాయన లోచో తింటూ, ఫోనులో తెలుగు మాట్లాడుతూ కనిపించాడు. లోచో అంటే పచ్చిశనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించి, మెత్తగా చిదిమి, నూనె, సేవ్ చల్లి ఇచ్చే సూరత్ పలహారం. పలకరించాను.

"మాది సిరిసిల్ల దిక్కు అన్నా. వచ్చి ముప్పై అయిదేండ్లాయె. లింబాయత్‌ల ఉంటం. మగ్గాల మీద పనిజేసిన, ఇగ కండ్లు కనవడ్తలేవు. మా మనుమడు తెలుగు బడికే పోయిండు, మున్సిపాల్టీ బడి."

"ఇక్కడికి తరచుగా వస్తారా?"

"చౌక్‌కా? ఏదన్న కాయితం పనుంటేనే. లేకుంటే మాకు ఈడ ఏం పని?"

లింబాయత్, ఉధ్నా వీధుల్లో తెలుగు బోర్డులు, మార్కండేయ గుడి, బతుకమ్మ అన్నీ ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలీల ఊరది. వీళ్ళను వెనక్కి రప్పించాలని వరంగల్ దగ్గర గీసుకొండలో టెక్స్‌టైల్ పార్కుకి 2017లో పునాదిరాయి వేశారు. ఆ మాట ఎత్తితే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కోటలోకి నేను ఒక్కణ్ణే వెళ్ళాను, మేనల్లుడికి షిఫ్టు ఉంది. ఇప్పుడది మ్యూజియం. నగరపాలక సంస్థ ఆఫీసులను ఖాళీ చేయించి, పూడిపోయిన కందకం తవ్వించి, గుమ్మం ముందు వంతెన పెట్టి బాగుచేయించింది. కొత్త సున్నం, కొత్త చెక్క తలుపులు కాస్త మరీ కొత్తగా ఉన్నాయి. పాతదాన్ని బాగుచేసేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు తక్కువ. లోపల గైడు 2006 ఆగస్టు వరద గురించి చెబుతున్నాడు, ఉకాయి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు చౌక్‌ని ఎలా ముంచాయో. నేను రాళ్ళ సందులు వెతుకుతూ తిరిగాను. నది వైపు బురుజు దగ్గర ఒకచోట దొరికింది. రెండు రాళ్ళ నడుమ వేలెడు మందాన బూడిదరంగు గీత, దాని మధ్య నుంచి సన్నగా తుప్పు మరక కిందికి జారి ఉంది. గోటితో గీరి చూశాను. మెత్తగా ఉంది. గోరు గుర్తు పడింది.

బయటికొస్తే గుమ్మం ఎదురుగా రేకులు పాతి ఉన్నాయి. మెట్రో వాళ్ళవి. సూరత్ మెట్రో మొదటి లైను చౌక్ దగ్గర భూగర్భంలోంచి పోతుంది, స్టేషను పేరు కూడా చౌక్ బజారే. రేకుల సందులోంచి చూస్తే లోతైన గొయ్యి, అడుగున నీళ్ళు, పంపు పెట్టి తోడుతున్నారు. గొయ్యి గోడల్లో పొరలు కనిపిస్తున్నాయి: పైన తారు, దాని కింద ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, ఇంకా కిందకి తాపీ తెచ్చి పోసిన బూడిదరంగు ఒండ్రు. హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడొకడు "ఆగే జాయియే, అంకుల్" అన్నాడు.

(వచ్చే వారం ఇదే తాపీ ఒడ్డున ఎగువకి వెళ్దాం: బురాన్‌పూర్.)